రకరకాల పుస్తకాలు చదువుతుంటే ఏదీ నిలవడం లేదు. మీరెలా చదువుతారు?

చిరుగాలి

అందరికీ నమస్కారం. నేను ఎక్కువగా నవలలే చదువుతాను. ఈ మధ్య కావాలనే దారి మార్చి చరిత్ర, సైన్స్, ఆత్మకథలు, కవిత్వం, ఆర్థికశాస్త్రం కూడా చదవడం మొదలుపెట్టాను. చదువుతున్నంతసేపు ఇష్టంగానే ఉంటోంది. నవల పూర్తి చేస్తే అందులో మనుషులు గుర్తుంటారు, వాళ్ల మాటలు గుర్తుంటాయి. మిగతావి మాత్రం పుస్తకం మూయగానే మరుపున పడుతున్నాయి. జీవశాస్త్రంలో ఒక అధ్యాయం, ఆ తర్వాత నాలుగు పద్యాలు, ఆ తర్వాత ఏదో యుద్ధం. ఒకదానికొకటి పొంతన కుదరడం లేదు.

ఇలా చదవడం వల్ల నిజంగా ఏమైనా ఒరుగుతుందా? లేక ఒక్కదాన్నే పట్టుకుని కూర్చుంటే మేలా? పుస్తకాల లిస్ట్ ఇచ్చినా సంతోషమే గానీ, మీరు చదివే పద్ధతి చెబితే ఇంకా సంతోషం.

నిదానం

మీ సందేహం దాదాపు రెండు వేల ఏళ్ల నాటిది. రోమన్ తత్వవేత్త సెనెకా తన మిత్రుడు లూసీలియస్‌కు రాసిన లేఖల్లో రెండోది మొత్తం దీని గురించే. అన్నిచోట్లా ఉండేవాడు ఎక్కడా లేనట్టే అంటాడు. మాటిమాటికీ పీకి వేరేచోట నాటే మొక్క బలపడదంటాడు. నమ్మదగిన కొద్దిమంది రచయితల్ని ఎంచుకుని వాళ్ల దగ్గరే ఉండమని ఆయన సలహా.

నాదీ అదే మాట. ఒక మంచి పుస్తకాన్ని నాలుగుసార్లు చదివినవాడికి తెలిసేది, నాలుగు పుస్తకాలు ఒక్కోసారి చదివినవాడికి తెలియదు. మీకు నవల వచ్చు. నవలనే లోతుగా చదవండి. చిన్నప్పుడు చదివినవి ఇప్పుడు మళ్లీ తీయండి. అన్నీ చదవాలన్న టెన్షన్ ఎవరు పెట్టారు మనకు?

పాతఅటక

నిదానం గారూ, ఆ లేఖ చివరిదాకా ఒకసారి చూడండి. రోజుకొక మంచి మాట ఏరుకుని దాచుకోమని చెబుతూ, ఆ రోజు తనకు దొరికిన మాట ఎపిక్యూరస్ అనే గ్రీకు తత్వవేత్తదంటాడు సెనెకా. ఈయనది స్టోయిక్ అనే తత్వమార్గం, ఆయనది ఎదుటి పక్షం. అవతలి శిబిరంలోకి కూడా వెళ్లొస్తుంటాను, పక్షం మార్చినవాడిలా కాదు, వేగులవాడిలా వెళ్తాను అని కూడా అంటాడు. అంటే ఆయన అభ్యంతరం ఇతర రకాల పుస్తకాల మీద కాదు, ఏం వెతుకుతున్నామో తెలియకుండా తిరగడం మీద. వేగులవాడికి ఏం చూసి రావాలో తెలుసు.

చిరుగాలి గారి చిక్కు కూడా అక్కడే ఉందని నాకనిపిస్తోంది.

లెక్కలపిచ్చి

పాతఅటక గారు సరిగ్గా చెప్పారు. రకాలు ఎక్కువై ఈ ఇబ్బంది రాలేదు. వాటన్నిటినీ కలిపే ప్రశ్న ఒకటి లేక వచ్చింది. నేను ఎలా చదివానో చెబుతాను. కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

పదిహేడో శతాబ్దపు లండన్‌లో వారం వారం మరణాల పట్టీ అచ్చువేసి అమ్మేవాళ్లు. ఏ పేటలో ఎంతమంది పోయారు, ఏ కారణంతో పోయారు అన్నది అందులో ఉండేది. నాది గణాంకాల చదువు కాబట్టి ఈ పట్టీల దగ్గరికి జాన్ గ్రాంట్ వెంట వచ్చాను. ఆయన బట్టల వ్యాపారి. పాత పట్టీలన్నీ ముందేసుకుని 1662లో ఒక చిన్న పుస్తకం వేశాడు. జనాభా శాస్త్రానికి దాన్నే మొదటి పుస్తకంగా చెబుతారు. ఆడపిల్లల కన్నా మగపిల్లలు కాస్త ఎక్కువగా పుడుతున్నారని ఈ లెక్కల్లోంచే తేల్చాడు. కానీ నన్ను పట్టేసింది ఆ లెక్కలు కాదు, లెక్కల మీద ఆయనకున్న అనుమానం. శవాన్ని చూసి కారణం చెప్పేది డాక్టర్లు కాదు, ఆ పనికి పెట్టిన ముసలమ్మలు. వాళ్లకు కాస్త తాగించి, చేతిలో డబ్బు పెడితే సుఖవ్యాధితో పోయిన మనిషి క్షయతో పోయినట్టు నమోదయ్యేవాడని గ్రాంట్ పసిగట్టాడు. లెక్కను నమ్మే ముందు లెక్కపెట్టినవాళ్లు ఎవరో చూడాలని ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

రెండోది అదే కాలపు లండన్‌వాసి శామ్యూల్ పీప్స్ డైరీ. షార్ట్‌హ్యాండ్‌లో తనకోసం రాసుకున్నది. 1665లో పెద్ద ప్లేగు వచ్చింది. ఆగస్టు 31న ఆ వారం పట్టీలోని అంకెలు దింపుకున్నాడు: మొత్తం 7,496 చావులు, అందులో ప్లేగువి 6,102. ఆ వెంటనే, అసలు సంఖ్య 10,000కి దగ్గర్లో ఉంటుందని భయంగా ఉందని రాస్తాడు. కారణాలు కూడా చెబుతాడు. బీదవాళ్లు మరీ ఎక్కువగా పోతున్నారు, వాళ్లను పట్టించుకుని రాసుకునే నాథుడు లేడు. ఇక క్వేకర్లు అనే క్రైస్తవ శాఖలాంటివాళ్లు తమవాళ్లు పోతే చర్చిగంట కొట్టనివ్వరు, దాంతో ఆ చావులు లెక్కకెక్కవు. గ్రాంట్ దశాబ్దాల పట్టీలు పోగేసి పట్టుకున్న లోపం ఈయనకు ఆ వీధుల్లో తిరుగుతుండగానే తెలిసిపోయింది.

మూడోది డేనియల్ డిఫో 1722లో రాసిన ప్లేగు ఏడాది పుస్తకం. చూడటానికి జ్ఞాపకాల్లా ఉంటుంది, చివర హెచ్.ఎఫ్. అన్న పొడి అక్షరాలు కూడా ఉంటాయి. కానీ అది నవల. ప్లేగు వచ్చేనాటికి డిఫోకి సుమారు ఐదేళ్లు. ఆయన అవే పట్టీలను కథ మధ్యలో పెట్టాడు. మొదట్లో పట్టీలో ప్లేగు అన్న గడిలో దాదాపు ఏమీ ఉండదు. మామూలు జబ్బుల చావులు మాత్రం వారం వారం పెరుగుతూ పోతుంటాయి. ఇళ్లకు తాళాలు పడతాయని జనం రోగాన్ని దాస్తున్నారని కథకుడు ఆ అంకెల్లోంచే గ్రహిస్తాడు, అతనితోపాటు మనమూ గ్రహిస్తాం. పెద్ద సంఘటనేమీ జరగకుండా ఒక పట్టిక చదువుతూ గుండె దడదడలాడటం నాకు అక్కడే తెలిసింది.

ఈ మూడూ విడివిడిగా చదివితే ఒకటి గణాంకాలు, ఒకటి డైరీ, ఒకటి నవల. పట్టీని మధ్యలో పెట్టి చదివితే ఒకదానికి ఇంకోటి సాక్ష్యం చెబుతుంది. ఇప్పుడు పేపర్లో ఏ సంఖ్య కనబడినా ఎవరు లెక్కపెట్టారు, ఎవరు ఆ లెక్కలోకి రాలేదు అని చూడందే ముందుకు పోలేను. గ్రాంట్ ఒక్కడినే చదివి ఉంటే అది పరీక్షకు పనికొచ్చే పాయింట్‌గా మిగిలిపోయేదేమో.

చిరుగాలి

లెక్కలపిచ్చి గారూ, ఇది నేను రెండుసార్లు చదువుకున్నాను. నవల చదివేవాళ్లకు పట్టికలంటే భయం అనుకుంటాం. డిఫో పుస్తకం ఆ భయానికి మంచి మందులా ఉంది. థ్యాంక్స్ అండీ.

వేకువ

చాలా బాగుంది సార్. ఒక డౌట్. ఇలాంటి ప్రశ్న మనకు ముందే ఎలా తడుతుంది? నేను లైబ్రరీకి వెళ్తే ఏ అరలో ఏముందో చూస్తూ తిరుగుతాను తప్ప ప్రశ్న పట్టుకుని వెళ్లను.

పాతఅటక

అరల వెంట తిరగడం మంచి అలవాటే, మానకండి. కాకపోతే ఆ అరలు ఎలా సర్దుతారో తెలిస్తే ఇంకా బాగా తిరగొచ్చు. మెల్విల్ డ్యూయీ 1876లో పెట్టిన పద్ధతి ఇప్పటికీ చాలా లైబ్రరీల్లో నడుస్తోంది. జ్ఞానాన్నంతా పది తరగతులు చేశాడు. 300ల్లో సామాజిక శాస్త్రాలు, 500ల్లో విజ్ఞానం, 600ల్లో వైద్యం, సాంకేతికం, 800ల్లో సాహిత్యం, 900ల్లో చరిత్ర, భూగోళం. ఇక్కడే ఒక చిక్కుంది. లెక్కలపిచ్చి గారు చెప్పిన మూడు పుస్తకాలు ఒకే సంగతి మీద ఉన్నా ఒకే అరలో దొరకవు. నవల సాహిత్యం వైపు పోతుంది, జనాభా లెక్క ఇంకోవైపు పోతుంది.

పుస్తకానికి ఏదో ఒకచోటే చోటివ్వాలి కాబట్టి లైబ్రరీ అలా సర్దక తప్పదు. మనకు ఆ ఇబ్బంది లేదు కదా. నేనైతే ఒక అరలో నచ్చిన పుస్తకం దొరికితే, ఇదే సంగతి మీద మిగతా తొమ్మిది తరగతుల్లో ఏముంటుందని వెతుకుతాను. అన్నిట్లోనూ దొరకదు. రెండు మూడు చోట్ల తప్పకుండా దొరుకుతుంది.

బడిగంట

గుర్తుండటం లేదన్నారు కదా చిరుగాలి గారూ, దాని గురించి చెబుతాను. నేను టీచర్ని, ఇది రోజూ కళ్లారా చూసే విషయం.

1988లో అమెరికాలో రెక్ట్, లెస్లీ అనే ఇద్దరు పరిశోధకులు బడిపిల్లల చేత ఒక బేస్‌బాల్ ఆట గురించిన భాగం చదివించారు. ఆ పిల్లల్లో చదవడంలో గట్టివాళ్లు, వెనకబడినవాళ్లు, ఆట బాగా తెలిసినవాళ్లు, తెలియనివాళ్లు అందరూ ఉన్నారు. చదివింది బొమ్మలతో ఆడి చూపించమన్నారు, మాటల్లో చెప్పమన్నారు. ఆట తెలిసిన వెనకబడిన పిల్లలు, ఆట తెలియని గట్టి పిల్లల కన్నా బాగా చెప్పారు. చదివే నైపుణ్యం ఒకటే ఉంటే సరిపోదు, చదివినదాన్ని తగిలించుకోవడానికి ముందే కొంత తెలిసి ఉండాలి.

మీకు నవలలు గుర్తుండటానికి కారణం కూడా ఇదే. మనుషుల మధ్య కోపతాపాలు, ప్రేమలు, ఈర్ష్యలు మీకు పుట్టినప్పటినుంచీ తెలిసినవి. జీవశాస్త్రంలో మీకు ఆ ముందు పరిచయం లేదు. అందుకే ఒక రంగంలో మొదటి పుస్తకం ఎప్పుడూ జారిపోతుంది. రెండోది కొంచెం నిలుస్తుంది. మూడోది చదివేటప్పుడు మొదటిది గుర్తుకొస్తుంది. మొదటిదాని దగ్గరే కొలత తీసుకుని నాకిది అబ్బదు అనుకోకండి.

ఇంకో మాట. కొత్త రంగంలోకి చిన్న పుస్తకంతో వెళ్లండి. పిల్లల కోసం రాసిందైనా మొహమాటపడొద్దు. మైఖేల్ ఫారడే పెద్దగా బడికి పోలేదు, పుస్తకాలు బైండ్ చేసే షాపులో పనికి కుదిరాడు. బైండింగుకి వచ్చిన పుస్తకాలు చదివేవాడు. ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికాలో విద్యుత్తు మీద వ్యాసం అలాగే చదివాడు. జేన్ మార్సెట్ రసాయనశాస్త్రం మీద సంభాషణల రూపంలో రాసిన పుస్తకమూ అలాగే చదివాడు. అది కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసం, ముఖ్యంగా స్త్రీల కోసం రాసింది. ఒక టీచరమ్మ, ఇద్దరు అమ్మాయిలు మాట్లాడుకుంటూ పోతారు. విద్యుత్ శాస్త్రాన్ని మలుపు తిప్పిన మనిషి ఆ పుస్తకానికీ, ఆవిడకూ జీవితాంతం కృతజ్ఞతగా ఉన్నాడు.

వేకువ

ఇది నాకు చాలా ధైర్యమిచ్చింది మేడమ్. ఫిజిక్స్ వాళ్ల పుస్తకాలు చూస్తే మన లెవెల్ కాదని పక్కన పెట్టేసేవాణ్ని.

నిదానం

బడిగంట గారి మాట ఒప్పుకుంటాను. కానీ మీ మాటలోనే నా వాదన కూడా ఉంది. మొదటిది జారిపోతుంది, మూడోది నిలుస్తుంది అన్నారు. అంటే ఒకే రంగంలో మూడు చదవాలి కదా. పది రంగాల్లో ఒక్కొక్కటి చదివితే పదీ జారిపోతాయి.

బడిగంట

అవును, అందులో వాదనే లేదు. చాలామంది వెడల్పుగా చదవడమంటే ప్రతిసారీ కొత్త రంగం అనుకుంటారు. ఒక రంగంలో కొంతకాలం ఉండి, కుదురుకున్నాక పక్కకు వెళ్లడమే నేను చెప్పేది.

తంగేడు

లోతు, వెడల్పు రెండూ ఒకే మనిషిలో చూడాలంటే చార్లెస్ డార్విన్ చదువు చూడండి. ఆయన 1838 నుంచి 1860 వరకు చదివినవి, చదవాల్సినవి నోట్‌బుక్కుల్లో రాసుకున్నాడు. అవి ఇప్పటికీ ఉన్నాయి. 1838లో, కాలక్షేపానికంటూ మాల్థస్ జనాభా మీద రాసిన పుస్తకం చదివాడు. అది ప్రధానంగా మనుషుల గురించిన పుస్తకం. తిండికి మించి సంతానం పెరుగుతుంది, అందరూ బతకరు అన్న మాట దగ్గర, మరి బతికేది ఎవరు అన్న ప్రశ్న తగిలింది ఆయనకు. ఇరవై ఏళ్ల తర్వాత, 1858లో ఆల్ఫ్రెడ్ వాలెస్ ఎక్కడో దూరదేశపు ద్వీపాల్లో జ్వరంతో పడుకుని, ఎప్పుడో చదివిన అదే మాల్థస్‌ను గుర్తు చేసుకుని అదే ఆలోచనకు వచ్చాడు. ఇద్దరు ప్రకృతి శాస్త్రవేత్తలకూ తాళంచెవి తమ శాస్త్రం బయటే దొరికింది. అదే డార్విన్ 1846 నుంచి ఎనిమిదేళ్లు బార్నకిల్స్ అనే చిన్న సముద్రజీవుల మీదే కూర్చున్నాడు. నిదానం గారు కోరే లోతుకు అంతకన్నా ఉదాహరణ ఉండదు.

కానీ నేను ఇది రాస్తున్నది ఇంకో విషయం కోసం. డార్విన్ యువకుడిగా ఓడలో ప్రపంచం తిరిగినప్పుడు, ఒడ్డుకు దిగి ఒక్క పుస్తకమే వెంట తీసుకెళ్లగలిగితే మిల్టన్ కావ్యాన్ని తీసుకెళ్లేవాడు. ముసలితనంలో ఆత్మకథ రాసుకుంటూ, ఇప్పుడు ఒక్క పంక్తి కవిత్వం కూడా చదవలేకపోతున్నానన్నాడు. షేక్‌స్పియర్ తీస్తే భరించలేనంత విసుగొచ్చిందట. తన మనసు వాస్తవాల రాశుల్లోంచి సూత్రాలు పిండే యంత్రంలా అయిపోయిందని బాధపడ్డాడు. మళ్లీ బతికే అవకాశం ఉంటే వారానికి ఒక్కసారైనా కొంత కవిత్వం చదవాలని, సంగీతం వినాలని నియమం పెట్టుకునేవాణ్నన్నాడు.

నాకు ఈ పేజీ చదివినప్పుడల్లా కడుపులో దేవినట్టవుతుంది. అంత చదివిన మనిషికి కూడా ఒక రకం వదిలేస్తే అది చెయ్యి దాటిపోయింది. ఒకసారి వస్తే ఎప్పటికీ ఉండిపోయే విద్య కాదు చదవడం. ఏ రకానికి ఆ రకం వేరే చెవి కావాలి, వాడకపోతే మొద్దుబారుతుంది.

చిరుగాలి గారూ, నాలుగు పద్యాలు చదివి మర్చిపోయానన్నారు. నాలుగు వద్దు, ఒకటి చదవండి. పైకి చదవండి. మొదటిసారి అర్థం కోసం ఆగకుండా గొంతుకు వదిలేయండి. రెండోసారి ఎక్కడ ఊపిరి ఆగిందో చూడండి, చాలాసార్లు కవి చెప్పదలుచుకున్నది అక్కడే ఉంటుంది. జీవశాస్త్రం అధ్యాయం చదివిన వేగంతో పద్యం చదివితే అది తలుపు తీయదు.

చిరుగాలి

తంగేడు గారూ, మీ చివరి మాట నాకు సూటిగా తగిలింది. అన్నిటినీ నవల చదివినట్టే చదువుతున్నాను నేను. తర్వాతేం జరుగుతుందన్న తొందరతో పేజీలు తిప్పేస్తాను. మిగతా రకాలకు మీరంతా ఏం చేస్తారు? చరిత్ర ఎలా చదువుతారు, సైన్స్ ఎలా చదువుతారు?

పాతఅటక

చరిత్రైతే నేను ముందు వెనక పేజీలు చూస్తాను. రచయిత ఏ ఆధారాల మీద నిలబడ్డాడు, ఉత్తరాలా, శాసనాలా, కోర్టు కాగితాలా, ఇంకొకరి పుస్తకాలా. తర్వాత విషయసూచిక. ఆ తర్వాతే మొదటి అధ్యాయం. చదువుతున్నప్పుడు ఎవరి గొంతు వినిపించడం లేదో గమనిస్తుంటాను. రాజుల ఉత్తరాల్లోంచి రాసిన చరిత్రలో వంటవాళ్లు మాట్లాడరు.

ఆత్మకథకు ఇంకో జాగ్రత్త కావాలి. ఎవరు చెబుతున్నారన్నది మనకు తెలుసు కాబట్టి, ఎప్పుడు చెబుతున్నారన్నది చూసుకోవాలి. డెబ్బై ఏళ్లప్పుడు రాసిన బాల్యం డెబ్బై ఏళ్ల మనిషి రాసినదే.

లెక్కలపిచ్చి

సైన్స్ పుస్తకానికి నాకు పెన్సిల్ తప్పనిసరి. గ్రాఫ్ వస్తే కింద రాసింది చదవకుండా ముందు గ్రాఫ్ ఏం చెబుతోందో నేనే ఒక వాక్యం రాసుకుంటాను. తర్వాత రచయిత వాక్యంతో పోల్చుకుంటాను. బొమ్మ వస్తే పుస్తకం మూసి మళ్లీ గీస్తాను. గీయలేకపోతే అర్థం కానట్టు. సమీకరణం ఉన్నచోట ఆగిపోనక్కర్లేదు, దాని ముందు వాక్యం, వెనక వాక్యం జాగ్రత్తగా చదివితే చాలావరకు దారి దొరుకుతుంది.

వేగం తగ్గుతుందని దిగులు వద్దు. మార్క్ బ్రిస్‌బార్ట్ అనే పరిశోధకుడు 2019లో పాత అధ్యయనాలన్నీ కలిపి చూశాడు. ఇంగ్లీషులో పెద్దవాళ్లు మౌనంగా చదివే సగటు వేగం కథల్లో నిమిషానికి 260 పదాలు, కథలు కానివాటిలో 238. అందరికీ తగ్గేదే.

వేకువ

నాటకాలు ఎవరూ చెప్పలేదు. నేను, మా ఫ్రెండ్స్ తలా ఒక పాత్ర తీసుకుని చదువుతాం. ఒంటరిగా చదివితే చప్పగా అనిపించిన సీన్ అలా చదివితే లేచి కూర్చుంటుంది.

పాతఅటక

నలుగురు కలిసి చదవడం గొప్ప అలవాటు వేకువా. ఐన్‌స్టీన్ బెర్న్‌లో ఉన్నప్పుడు, 1902 నుంచి కొన్నేళ్లు, సోలోవిన్, హాబిష్ట్ అనే ఇద్దరు మిత్రులతో కలిసి ఇలాగే చదివేవాడు. తమకు తామే ఒలింపియా అకాడమీ అని పేరు పెట్టుకున్నారు. మాక్, పాంకరే, హ్యూమ్, స్పినోజా లాంటి శాస్త్ర, తత్వ రచయితలతోపాటు సోఫొక్లిస్ నాటకం, సెర్వాంటెస్ నవల కూడా వాళ్ల జాబితాలో ఉన్నాయి. ఒక్కోసారి అర పేజీ చదివి దాని మీదే చాలాసేపు వాదించుకునేవాళ్లట. సాపేక్ష సిద్ధాంతం దొరకడానికి కొద్దికాలం ముందే హ్యూమ్‌ను శ్రద్ధగా చదివానని ఐన్‌స్టీన్ తర్వాత ఒక ఉత్తరంలో రాశాడు. హ్యూమ్ భౌతికశాస్త్రం రాయలేదు. మనకు తెలుసనుకున్నది ఎలా తెలుసని అడగడం నేర్పాడు.

చిరుగాలి

నోట్స్ సంగతి కూడా చెప్పండి. నా దగ్గర ఒక నోట్‌బుక్ ఉంది గానీ రాసింది మళ్లీ ఎప్పుడూ దొరకదు. రకాలు పెరిగేకొద్దీ ఇంకా కష్టమవుతోంది.

బడిగంట

జాన్ లాక్ పద్ధతి ప్రయత్నించండి. తత్వవేత్తే, ఆయన దీని మీద ప్రత్యేకంగా ఒక వ్యాసం రాశాడు. 1686లో ఫ్రెంచిలో వచ్చింది, ఆయన పోయాక 1706లో ఇంగ్లీషులో వచ్చింది. నోట్‌బుక్ మొదట్లో రెండు పేజీలు సూచికకు వదిలేస్తారు. ఒక్కో అక్షరం కింద ఐదు అచ్చులకు ఐదు గళ్లు. ఏదైనా రాసుకుంటే దానికి ఒక శీర్షిక పెట్టి, శీర్షిక మొదటి అక్షరం, దాని తర్వాత వచ్చే మొదటి అచ్చు చూసి, ఆ గడిలో పేజీ నంబరు వేస్తారు. ముందే విభాగాలు పెట్టుకోనక్కర్లేదు. ఏ పేజీ ఖాళీగా ఉంటే అక్కడే రాసుకుపోవచ్చు.

తెలుగులో ఇది ఇంకా తేలిక, మనకు గుణింతం ఉంది. కరువు అయితే 'క' గడి, కూలి అయితే 'కూ' గడి. నేను శీర్షికగా ఎప్పుడూ పుస్తకం పేరు పెట్టను, సంగతి పేరు పెడతాను. అప్పుడు ఒకే పేజీలో నవలలోంచి తీసుకున్న మాట, కింద సైన్స్ పుస్తకంలోని వాక్యం పక్కపక్కన పడతాయి. మీరు పొంతన కుదరడం లేదన్నారే, సగం పొంతన ఆ పేజీయే కుదురుస్తుంది.

నిదానం

ఇంత చర్చ తర్వాత నా మాట కొంచెం సవరించుకుని చెబుతాను. పూర్తిగా మార్చుకోను. ప్రతి పాఠకుడికీ సొంత నేల అంటూ ఒకటి ఉండాలి, అక్కడే చదివిందే మళ్లీ చదువుతుండాలి. చిరుగాలి గారికి అది నవల. అక్కడినుంచి లెక్కలపిచ్చి గారు చూపించినట్టు ఒక సంగతి పట్టుకుని పక్క రంగాల్లోకి వెళ్లి రావడం నాకూ నచ్చింది. నవల వదిలేసి వెళ్లడం మాత్రం వద్దు.

చిరుగాలి

వదలను నిదానం గారూ. నవల నుంచే బయల్దేరతాను. నాకు చాలాకాలంగా ఆకలి అన్న సంగతి మీద చదవాలని ఉంది. తిండి దొరకని మనిషి లోపల ఏం జరుగుతుంది అన్నది ఒకటి, ఒక ఊరంతా తిండి లేకుండా ఎందుకు పోతుంది అన్నది ఇంకొకటి. దీనికి ఎవరైనా దారి చూపగలరా?

తంగేడు

నవల దగ్గరినుంచి అయితే నార్వే రచయిత క్నూట్ హామ్సన్ 1890లో రాసిన 'ఆకలి'. పేరులేని ఒక యువ రచయిత క్రిస్టియానియా (ఇప్పటి ఓస్లో) వీధుల్లో తిరుగుతుంటాడు. కథ అంటూ పెద్దగా లేదు. ఆకలి మనిషి ఆలోచనను ఎలా వంకర్లు తిప్పుతుందో, పరువు కోసం చేతికొచ్చిన నాణెం కూడా ఎలా పోగొట్టుకుంటాడో లోపలినుంచి చూపిస్తాడు. తొందరగా చదవొద్దు. అతను ఊరికే పొంగిపోయే చోట్లు, ఊరికే మండిపడే చోట్లు గుర్తు పెట్టుకోండి.

లెక్కలపిచ్చి

ఆ గుర్తులు పెట్టుకున్నాక మిన్నెసోటా ప్రయోగం గురించి చదవండి. రెండో ప్రపంచయుద్ధం చివర్లో, 1944-45లో, ఆన్సెల్ కీస్ బృందం 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు, వాళ్ల ఇష్టంతోనే, ఆరు నెలలపాటు సగం తిండి పెట్టి ఏం జరుగుతుందో నమోదు చేసింది. యుద్ధంలో మాడిపోయిన జనాన్ని మళ్లీ ఎలా కోలుకునేలా చేయాలో తెలుసుకోవడం కోసం చేశారు. ఫలితాలు 1950లో రెండు పెద్ద సంపుటాలుగా వచ్చాయి. అంత పెద్దవి మొత్తం చదవక్కర్లేదు, మానసిక మార్పుల భాగం చూస్తే చాలు. చిరాకు, దిగులు, ఎవరితోనూ కలవకపోవడం, ఏ పని మీదా ఆసక్తి లేకపోవడం. కొందరు వంటల పుస్తకాలు పోగేసుకుని గంటల తరబడి చదివేవాళ్లు. హామ్సన్ కథకుడి ప్రవర్తనలో ఎంత అతని స్వభావం, ఎంత ఆకలి చేసింది అన్న ప్రశ్న ఇది చదివాక కొత్తగా లేస్తుంది.

మీ రెండో ప్రశ్నకు అమర్త్య సేన్ 1981లో రాసిన పేదరికం, కరువుల పుస్తకం. మొదటి రెండు వాక్యాల్లోనే అసలు వాదన ఉంది: కొందరికి తినడానికి తిండి లేకపోవడం వేరు, తిండే లేకపోవడం వేరు. 1943 బెంగాల్ కరువును ఆయన చిన్నపిల్లవాడిగా కళ్లారా చూశాడు. కానీ పుస్తకంలో దాన్ని జ్ఞాపకంగా రాయలేదు. ధాన్యం నిల్వలు, కూలి రేట్లు, ధరలు పెట్టి, తిండి కొనుక్కునే శక్తి ఎవరి చేతుల్లోంచి ఎలా జారిపోయిందో చూపిస్తాడు.

చిరుగాలి

హామ్సన్ రేపే మొదలుపెడతాను. బడిగంట గారు చెప్పినట్టు నోట్‌బుక్‌లో 'ఆ' గడిలో ఒక పేజీ తీసి ఉంచాను. లెక్కలపిచ్చి గారూ, సేన్ పుస్తకంలో గణితం ఎక్కువ ఉంటుందా? ఎక్కడినుంచి మొదలుపెట్టాలి?

లెక్కలపిచ్చి

మొదటి అధ్యాయం చదివి నేరుగా ఆరో అధ్యాయానికి వెళ్లండి, బెంగాల్ కరువు అక్కడే ఉంది. పట్టికలు ఉంటాయి గానీ కూడిక, భాగహారం తెలిస్తే చాలు. కూలి, బియ్యం ధర పక్కపక్కన ఉన్నచోట ఆగి, ఒక కూలిమనిషి సంపాదనకు ఒక నెలలో ఎంత బియ్యం వచ్చేది, తర్వాతి నెలలో ఎంత వచ్చింది అని మీరే లెక్కేసుకోండి. గట్టి గణితమంతా వెనక అనుబంధాల్లో పెట్టాడు, అది వదిలేసినా వాదన ఎక్కడా తెగదు. మధ్యలో ఏ పట్టిక దగ్గరైనా చిక్కుకుంటే దాని నంబరు ఇక్కడ పెట్టండి, కలిసి చూద్దాం.